రేవు ఒడ్డున ఆఫీసు గది

రేవు ఉన్న ఊళ్లో నీటి ఒడ్డున ఆఫీసు గది అద్దెకు వెతికేవాళ్లు రెండు రకాలు. నీటితోనే పని ఉన్నవాళ్లు మొదటి రకం. ఓడల ఏజెంట్లు, కస్టమ్స్ బ్రోకర్లు, సరుకు ఎక్కించి దించే స్టీవ్‌డోరింగ్ కంపెనీలు, సరుకు నాణ్యత చూసే సర్వేయర్లు, లారీ రవాణాదారులు ఈ కోవలోకి వస్తారు. రేవు గేటు, కస్టమ్స్ కార్యాలయం, లారీల కాటా ఎంత దగ్గరుంటే వీళ్లకు అంత లాభం. కిటికీలోంచి సముద్రం కనిపిస్తే చాలుననుకునేవాళ్లు రెండో రకం. సాఫ్ట్‌వేర్ సంస్థలు, బ్యాంకులు, సలహా సంస్థలు ఇలాంటివి. వీళ్ల పని ఏ ఊళ్లోనైనా సాగుతుంది. గాలి, వెలుతురు, వచ్చిపోయేవాళ్ల కంటికి ఆనే హోదా కోసమే తీరాన్ని కోరుకుంటారు. ఒకే ఒడ్డున ఉన్న రెండు గదుల అద్దెలు రెండు వేరు లెక్కల మీద తేలడానికి కారణం ఇదే.

ప్రపంచంలో పేరున్న నీటి ఒడ్డు ఆఫీసు పేటలు చాలావరకు ఓడలు వదిలిపోయిన చోట పుట్టినవే. సరుకు కంటైనర్లలోకి మారాక ఓడలు పెద్దవయ్యాయి. వాటికి లోతైన నీళ్లు, విశాలమైన యార్డులు అవసరమయ్యాయి. లండన్ నగరంలోని థేమ్స్ రేవులు ఆ మార్పుకు నిలవలేక 1980ల ఆరంభానికి మూతపడ్డాయి. ఆ చోటే తర్వాత కానరీ వార్ఫ్ మేడలు లేచాయి. జర్మనీలో హాంబర్గ్ పాత రేవు నేల మీద లేచిన హాఫెన్‌సిటీ కథా అదే. వరద పోటు అందకుండా అక్కడ కొత్త కట్టడాల నేలను సముద్రమట్టానికి 8, 9 మీటర్ల ఎత్తుకు లేపారు. బొంబాయి దారి వేరు. అక్కడి పోర్ట్ ట్రస్టు 20వ శతాబ్దం తొలినాళ్లలో సముద్రాన్ని పూడ్చి బల్లార్డ్ ఎస్టేట్‌ను ఓడల వ్యాపారం కోసమే కట్టించింది. జార్జ్ విటెట్ దానికి వాస్తుశిల్పి. అక్కడ రేవే భూమి యజమాని, ఓడల కంపెనీలు అద్దెదారులు. విశాఖపట్నంలో రెండు తరహాలూ కనిపిస్తాయి. 1933లో తెరుచుకున్న రేవు చుట్టుపక్కల ఓడల పనివాళ్ల కార్యాలయాలుంటాయి. సముద్రాన్ని చూసే రుషికొండ మీద సాఫ్ట్‌వేర్ సంస్థలుంటాయి.

శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం తీరానికి ఒడ్డున ఆఫీసు గది ఎక్కడన్న ప్రశ్న ఇప్పుడే కొత్తగా వచ్చింది. టెక్కలికి దిగువన, సంతబొమ్మాళి మండలం మూలపేటలో రేవు నిర్మాణం సాగుతోంది. 2023 ఏప్రిల్ 19న అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహన్‌రెడ్డి దానికి శంకుస్థాపన చేశారు. మొదట భావనపాడు పేరుతో నడిచిన ప్రతిపాదన ఇదే. శంకుస్థాపన నాటి అంచనా 4,362 కోట్ల రూపాయలు. నాలుగు బెర్తులు, ఏడాదికి 23.5 మిలియన్ టన్నుల సామర్థ్యం దాని లెక్క. జాతీయ రహదారి నుంచి రోడ్డు, నౌపడ జంక్షన్ నుంచి రైలు మార్గం ప్రణాళికలోనే ఉన్నాయి. మూలపేట, విష్ణుచక్రం గ్రామాలవాళ్లు ఇళ్లూ వాకిళ్లూ వదిలి నౌపడ దగ్గర వేసిన పునరావాస కాలనీకి తరలాల్సి వచ్చింది. రేవు పక్కన గదికి అద్దె లెక్క వేసే ఎవరైనా ఆ నేల ఎవరి చేతుల్లోంచి వచ్చిందో తెలుసుకుని ఉండాలి. తీరంలో భూమి చరిత్ర దస్తావేజుల్లో ఉన్నంతే మనుషుల జ్ఞాపకంలోనూ ఉంటుంది.

ఈ తీరానికి రేవులు కొత్త కాదు. సోంపేట మండలంలోని బారువ, వంశధార మొగలోని కళింగపట్నం ఒకప్పుడు ఓడలు లంగరేసిన ఊళ్లు. రెండుచోట్లా ఇప్పటికీ దీపస్తంభాలున్నాయి. మద్రాసు, కలకత్తాలను కలుపుతూ 19వ శతాబ్దం చివర్లో రైలు వచ్చింది. 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి అక్కడి మహారాజు వేయించిన చిన్న రైలు నడిచింది. తెప్పలమీద ఓడ దాకా చేరాల్సిన సరుకు పట్టాలెక్కింది. తర్వాత లోతైన విశాఖ రేవు కూడా తెరుచుకోవడంతో, నడి సముద్రంలో ఓడ ఆపి పడవల్లో సరుకు చేర్చే రేవులకు పని తగ్గింది. కొఠార్లు ఖాళీ అయ్యాయి. రేవు కదిలితే దాన్ని నమ్ముకున్న గది కూడా పాడుబడుతుందని ఈ రెండు ఊళ్లు చెబుతాయి. దీర్ఘకాలం లీజు రాసుకునేవాళ్లు ఓసారి బారువ వెళ్లి చూసి రావడం మంచిది.

నేల ఎవరిది?

నీటి ఒడ్డున గది చూసుకునేటప్పుడు అద్దె కంటే ముందు అడగాల్సింది ఇది. ఉద్దానం తీరంలో ఒడ్డు నేల నాలుగైదు రకాలుగా ఉంటుంది. రేవుకు సేకరించిన భూమి, జిరాయితీ భూమి, ప్రభుత్వం పేదలకిచ్చిన డి-పట్టా భూమి, ఉప్పు మళ్లు, పోరంబోకు. రేవు భూమిని పక్కనపెడితే, వీటిలో అద్దెకివ్వగల హక్కు నిక్కచ్చిగా ఉండేది జిరాయితీదారుకే. డి-పట్టా భూమి విషయంలో చాలామంది పొరబడతారు. అసైన్డ్ భూములు అమ్మకూడదన్నంతవరకే వాళ్లకు తెలుసు. 1977 నాటి అసైన్డ్ భూముల చట్టం ‘బదిలీ’ అన్న మాటలోకి లీజును కూడా చేర్చింది. అలాంటి నేల మీద గది కట్టి అద్దెకిస్తే ఆ ఒప్పందానికి కాళ్లుండవు. 20 ఏళ్లు దాటిన కేటాయింపులకు 2023లో సడలింపు వచ్చినా, ఆ సర్వే నంబరు రిజిస్ట్రేషన్ శాఖ 22-ఎ నిషేధిత జాబితాలో ఉందో లేదో చూడకుండా అడ్వాన్సు ఇవ్వడం తప్పు. అడంగల్, 1-బి, ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్ (ఈసీ) ఈ మూడూ చేతికి వచ్చాకే మాటా మంతీ మొదలుపెట్టాలి.

హక్కు తేలాక కోస్తా నియంత్రణ మండలం నిబంధనల వంతు. పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1991లో మొదట వచ్చిన ఈ నిబంధనలు 2011లోనూ 2019లోనూ మారాయి. సముద్రపు పోటు అందుకునే పైగీత నుంచి 500 మీటర్ల దాకా ఉన్న భూమి, పోటు నీరు ఎక్కే క్రీకుల ఒడ్డు ఈ నియంత్రణలోకి వస్తాయి. పల్లెటూరి తీరాన్ని మూడో తరగతిగా లెక్కిస్తారు. 2011 నిబంధనల్లో అక్కడ 200 మీటర్ల వరకు కొత్త కట్టడానికి వీల్లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం చదరపు కిలోమీటరుకు 2,161 మందికి పైగా ఉన్న పల్లెల్లో ఆ హద్దును 50 మీటర్లకు తగ్గించే వీలు 2019 నోటిఫికేషన్ కల్పించింది. మిగతా పల్లెల్లో 200 మీటర్లే. ఏ సర్వే నంబరు ఎక్కడ పడుతుందో ఆమోదం పొందిన తీర నిర్వహణ పటంలోనే తేలుతుంది. యజమాని నోటిమాట దానికి చాలదు.

ఈ నిబంధనల వెనక ఉన్న ఆలోచన సూటిగా ఉంటుంది. పనికి నీటి ఒడ్డు తప్పనిసరా అని చట్టం అడుగుతుంది. జెట్టీ, బెర్తు, చేపలు దించే చోటు, వలలు బాగుచేసుకునే పాక నీటి దగ్గరే ఉండాలి. ఉత్తరాలు రాసే బల్ల, కంప్యూటరు, ఫైళ్ల బీరువా అర కిలోమీటరు వెనకున్నా నష్టం లేదు. నోటిఫై చేసిన రేవు హద్దుల లోపల ఈ అభివృద్ధి నిషేధ మండలం వర్తించదు కాబట్టి, తీరంలో చట్టబద్ధమైన ఆఫీసు గదులు రేవు ప్రాంగణంలోనే ఎక్కువగా దొరుకుతాయి. అద్దెదారు తనను తాను వేసుకోవాల్సిన ప్రశ్న కూడా చట్టం వేసిందే. ఆ ప్రశ్నకు నిజాయతీగా బదులిస్తే ఉద్దానంలో నూటికి తొంభై ఆఫీసులు టెక్కలికో, పలాసకో వెళ్లిపోతాయి.

రేవు యజమానిగా

రేవు భూమిని అమ్మరు, లీజుకిస్తారు. విశాఖ వంటి మేజర్ పోర్టుల భూముల కోసం కేంద్రం 2014లో విధాన మార్గదర్శకాలు ఇచ్చింది. వాటి ప్రకారం సాధారణంగా టెండర్, వేలం ద్వారానే స్థలం దక్కుతుంది. ఏడాది అద్దె మార్కెట్ విలువలో 6 శాతానికి తగ్గకూడదు, ఏటా కనీసం 2 శాతం పెరగాలి. మార్కెట్ విలువను కూడా ఒకే అంచనాతో తేల్చరు. రిజిస్ట్రేషన్ రేటు, మూడేళ్లలో చుట్టుపక్కల జరిగిన పెద్ద క్రయవిక్రయాలు, గత వేలంలో పలికిన ధర, గుర్తింపు పొందిన వాల్యూయర్ అంచనా ఇవన్నీ చూస్తారు. మూలపేట మేజర్ పోర్టు కాదు. అది రాష్ట్రం చేతిలోది, 2018 చట్టంతో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ మారిటైం బోర్డు పరిధిలోది. అందువల్ల ఆ మార్గదర్శకాలు దానికి నేరుగా వర్తించవు. రేవు యజమాని ఎలా ఆలోచిస్తాడో తెలుసుకోవడానికి మాత్రం అవి పనికొస్తాయి.

రేవు అద్దెల మీద బొంబాయిలో పెద్ద తగాదా నడిచింది. పోర్ట్ ట్రస్టు అద్దెలను ఒక్కసారిగా పెంచేసిందని అద్దెదారులు కోర్టులకెక్కారు. 2004లో సుప్రీంకోర్టు ఆ కేసు తేల్చుతూ, ప్రభుత్వ సంస్థ అయిన రేవు అద్దె పెంచుకోవచ్చు గానీ లాభమే ధ్యేయమైన ప్రైవేటు యజమానిలా ప్రవర్తించకూడదని, పెంపు సహేతుకంగా ఉండాలని చెప్పింది. కొత్తగా రాబోయే రేవు దగ్గర అద్దెదారులయ్యే చిన్న వ్యాపారులకు ఈ తీర్పు గుర్తుంచుకోదగ్గది.

రేవు గోడ లోపల గదికీ బయటి గదికీ ఇంకో తేడా ఉంది. లోపల చాలాసార్లు దొరికేది లైసెన్సు, లీజు కాదు. లీజు చేతిలో ఉన్నవాడికి ఆ స్థలంలో హక్కు ఉంటుంది. 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం లైసెన్సు అనుమతి మాత్రమే. రేవు విస్తరణకు ఆ చోటు అవసరమైతే లైసెన్సుదారు ఖాళీ చేసి వెళ్లాల్సిందే. లోపలికి పాసు మీదే రావాలి, భద్రతా సిబ్బంది తనిఖీ ఉంటుంది, ఖాతాదారులను ఇష్టం వచ్చినప్పుడు పిలిపించుకోవడం కుదరదు. ఓడ దగ్గర ఇరవై నాలుగు గంటలూ మనిషి ఉండాల్సిన స్టీవ్‌డోరుకు ఇది సమ్మతమే. జీడి వ్యాపారికి అనవసరం.

పలాస జీడి, టెక్కలి రాయి

ఈ ప్రాంతంలో రేవుతో పని పడేవాళ్లు ఎవరు? పలాస-కాశీబుగ్గ జంట పట్టణాల్లో జీడి ఫ్యాక్టరీలు వందల్లో ఉన్నాయి. ఉద్దానం తోటల పిక్కలు వాటికి ఏడాది పొడవునా చాలవు, ఆఫ్రికా దేశాల నుంచి జీడిపిక్కలు దిగుమతవుతాయి. టెక్కలి చుట్టుపక్కల నీలి గ్రానైటు క్వారీలు బయటి దేశాలకు రాయి పంపుతాయి. నౌపడ ఉప్పు, తీరం వెంట రొయ్యల చెరువులు ఉండనే ఉన్నాయి.

జీడిపిక్కల కంటైనరు రేవులో దిగితే బిల్ ఆఫ్ ఎంట్రీ దాఖలు చేయాలి, ప్లాంట్ క్వారంటైన్ అనుమతి రావాలి, సుంకం కట్టాలి, ఆ తర్వాతే సరుకు గేటు దాటుతుంది. ఉచిత రోజులు మించితే డెమరేజీ అనే ఆలస్య రుసుం మొదలవుతుంది. కాగితాల పని ఇప్పుడు కస్టమ్స్ వారి ఐస్‌గేట్ పోర్టల్ ద్వారా ఆన్‌లైన్‌లో సాగుతోంది కాబట్టి, పదిహేనేళ్ల కిందట ఉన్నంత అవసరం రేవు పక్క గదికి ఇప్పుడు లేదు. మనిషి స్వయంగా ఉండాల్సిన పనులు మాత్రం మిగిలాయి. కంటైనరు తెరిచినప్పుడు శాంపిల్ తీయడం అందులో ఒకటి. జీడివాళ్లు పిక్కలు కోసి చూసే కటింగ్ టెస్టు మీదే ధర నిలబడుతుంది. 80 కిలోల బస్తాకు ఎన్ని పౌండ్ల పప్పు వస్తుందన్నదే ఔట్‌టర్న్. దానికి కావాల్సింది ఒక బల్ల, ఒక చిన్న కాటా, వెలుతురున్న గది. పలాస వ్యాపారులు నలుగురు కలిసి ఒక సర్వేయరు గదిని పంచుకుంటే సరిపోతుంది, ఎవరికివారు ఆఫీసు తెరవనక్కర్లేదు.

ఇంకో ముఖ్యమైన సంగతి వేళ. బెర్తు కట్టడం పూర్తయినంత మాత్రాన విదేశీ సరుకు దిగదు. 1962 కస్టమ్స్ చట్టం 7వ సెక్షన్ కింద ఆ చోటును కస్టమ్స్ పోర్టుగా నోటిఫై చేయాలి, 8వ సెక్షన్ కింద కస్టమ్స్ ప్రాంతం హద్దులు తేల్చాలి. ఆ కార్యాలయం ఎక్కడ వెలుస్తుందో బ్రోకర్లు, ఏజెంట్లు, జిరాక్సు దుకాణాలు, భోజన హోటళ్లు అక్కడే చేరతాయి. అంతకు ముందే తీరం గదికి మూడేళ్ల అద్దె కట్టి కూర్చోవడం తొందరపాటు.

గాలి, ఉప్పు, ఇసుక

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కొబ్బరి, జీడి తోటలు వేళ్లతో సహా పడిపోయాయి, కరెంటు స్తంభాలు వరుసగా ఒరిగాయి, రోజుల తరబడి ఊళ్లు చీకట్లో ఉండిపోయాయి. తరాలుగా పెంచుకున్న తోట ఒక్క రాత్రిలో పోతే ఉద్దానం రైతు పడ్డ దుఃఖం మాటల్లో పట్టేది కాదు. ఈ తీరంలో కట్టడానికి అద్దె చెల్లించేవాళ్లు ఆ రాత్రిని లెక్కలో వేసుకోవాలి. గాలి బలం గురించిన భారత ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ఈ తీరాన్ని సెకనుకు 50 మీటర్ల మూల వేగం ఉన్న మండలంలో పెట్టింది, అంటే గంటకు 180 కిలోమీటర్లు. రేకుల కప్పు, వెడల్పాటి గాజు గోడ ఆ గాలికి మొదట లొంగేవి. సముద్రం బాగా కనిపించాలని పెట్టించే గాజే తుపానులో అన్నిటికంటే ముందు పగులుతుంది. కిటికీలకు బయట షట్టర్లు ఉన్నాయో లేదో అద్దెకు ముందే చూడాలి.

ఉప్పుగాలి తుపాను కంటే నెమ్మదిగా, రోజూ పని చేస్తుంది. కాంక్రీటులోకి ఉప్పు దిగితే లోపలి ఇనుము తుప్పుపట్టి ఉబ్బుతుంది, పైపొర పెచ్చులూడుతుంది. అందుకే ఐఎస్ 456 ప్రమాణం కోస్తా వాతావరణానికి ఎం-30 కాంక్రీటు, ఇనుము మీద 45 మిల్లీమీటర్ల కవరు ఉండాలంటుంది. మామూలు ఇళ్లకు వాడే ఎం-20 ఇక్కడ చాలదు. స్లాబు అడుగున గోధుమరంగు మరకలు, నిలువు పగుళ్లు కనిపిస్తే ఆ గది అద్దె చవకగా వచ్చినా ఖరీదైనదే. ఏసీ బయటి యూనిట్లు, జెనరేటరు, సర్వర్లు తీరంలో త్వరగా చెడతాయి, వాటి మరమ్మతు ఖర్చు అద్దెలో భాగంగానే లెక్కకట్టాలి.

ఒడ్డు కూడా కదులుతుంది. మన తూర్పు తీరంలో అలలు ఏడాది మొత్తం మీద ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి నడిపిస్తాయి. రేవుకు రాతి గోడ కట్టగానే దక్షిణాన ఇసుక పోగుపడుతుంది, ఉత్తరాన ఒడ్డు కోసుకుపోతుంది. విశాఖ రామకృష్ణా బీచికి రేవులో తవ్విన ఇసుకను తెచ్చి పోయాల్సి రావడానికి మూలం ఇదే. రాతి గోడకు ఉత్తరాన, నీటికి దగ్గరగా గది చూసేవాళ్లు ఒడ్డు ఏటా ఎంత వెనక్కి వస్తోందో ఆ ఊరి మత్స్యకారులను అడగాలి. వాళ్లకున్న కొలత ఏ పటంలోనూ దొరకదు. పల్లపు నేల విషయమూ వాళ్లకే తెలుసు. సోంపేట బీల, కాకరాపల్లి తంపర చిత్తడి నేలలు. వాననీళ్లు నిలబడే చోట్లు అవి. అక్కడ థర్మల్ విద్యుత్ కేంద్రాలు వద్దని 2010లో, 2011లో జనం పోరాడి ప్రాణాలు కూడా పోగొట్టుకున్నారు. అలాంటి పల్లాల్లో మట్టి పోసి లేపిన గదుల్లోకి ఏ వానాకాలంలోనైనా నీరు తిరిగి వస్తుంది.

తాగునీటి మాట కూడా చెప్పాలి. ఉద్దానంలో మూత్రపిండాల వ్యాధి ఎందరినో కబళించింది. కారణం ఇదమిత్థమని తేలలేదు. హిరమండలం జలాశయం నుంచి పైపుల ద్వారా నీరు తెచ్చే 700 కోట్ల పథకం, పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి 2023 డిసెంబరు 14న మొదలయ్యాయి. ఆఫీసులో పది మంది పనిచేస్తే వాళ్లు తాగే నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయన్నది అద్దె ఒప్పందానికి ముందే తేల్చుకోవాల్సిన విషయం.

ఒప్పందంలో ఏముండాలి

1908 రిజిస్ట్రేషన్ చట్టం ఏడాది మించిన లీజును రిజిస్టరు చేయించాలంటుంది, ఆంధ్రప్రదేశ్ సవరణ ప్రకారం గడువుతో పని లేకుండా ఏ లీజునైనా రిజిస్టరు చేయించాలి. అయినా ఆ ఖర్చు తప్పించుకోవడానికి 11 నెలల అగ్రిమెంట్లు వాడుకలో ఉన్నాయి. ఒక్క గది, నాలుగు కుర్చీలవాళ్లు దానితోనే నెట్టుకొస్తుంటారు. గదిలో లక్షలు పెట్టి ఫర్నిచరు, కేబుళ్లు, ఏసీలు వేయించేవాళ్లు మాత్రం రిజిస్టరు లీజే తీసుకోవాలి. లేదంటే ఒప్పందంలో వేరే గడువు రాసుకోని పక్షంలో, ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ కింద పదిహేను రోజుల నోటీసుతో ఖాళీ చేయమనే వీలుంటుంది.

అదే చట్టం 108వ సెక్షన్‌లో తుపాను తీరానికి ఎంతో పనికొచ్చే అంశం ఉంది. అగ్నిప్రమాదం, తుపాను, వరద వంటి వాటివల్ల ఆస్తిలో ముఖ్యభాగం పూర్తిగా నాశనమైనా, శాశ్వతంగా వాడుకకు పనికిరాకుండా పోయినా, అద్దెదారు తన ఇష్టంతో లీజు రద్దు చేసుకోవచ్చు. మరమ్మతు చేయాల్సిన యజమాని నోటీసు ఇచ్చినా తగిన వ్యవధిలో చేయకపోతే, అద్దెదారే చేయించుకుని వడ్డీతో సహా అద్దెలోంచి తగ్గించుకోవచ్చు. కప్పు సగం లేచిపోయి నెల రోజులు గది మూతపడిన సందర్భం మాత్రం ఇందులో ఇమడదు. అందువల్ల ఆ నెల అద్దె ఎవరు భరిస్తారో, కరెంటు లేని రోజులకు తగ్గింపు ఉందో లేదో ఒప్పందంలో స్పష్టంగా రాయించుకోవాలి. భవనం బీమా యజమానిది, లోపలి సామాను బీమా అద్దెదారుది. ఒకచోట 5 కోట్ల వరకు ఆస్తి ఉన్న చిన్న సంస్థల కోసం 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్షా పాలసీలో తుపాను, వరద నష్టాలు కూడా కలిసే ఉంటాయి.

అద్దె చదరపు అడుగుల్లో చెబుతారు. ఏ అడుగులు అన్నది ముఖ్యం. మెట్లు, వరండా, లిఫ్టు వాటా కలిపితే సూపర్ బిల్టప్, గోడల లోపల నిజంగా కాలు పెట్టగలిగేది కార్పెట్ ఏరియా. వెయ్యి అడుగుల సూపర్ బిల్టప్‌కు అడుగుకు 40 రూపాయలు అడిగారనుకుంటే నెలకు 40 వేలు. లోపల దొరికేది 700 అడుగులే అయితే అసలు ధర అడుగుకు 57 రూపాయలు. దీనిపైన నిర్వహణ చార్జీ, వాణిజ్య అద్దె మీద 18 శాతం జీఎస్టీ చేరతాయి. యజమానికి జీఎస్టీ నమోదు లేకపోయినా, నమోదున్న అద్దెదారే ఆ పన్ను కట్టే పద్ధతి 2024 అక్టోబరు 10 నుంచి వచ్చింది. పల్లెటూరి ఇంటిగలవారి దగ్గర గది తీసుకునే కంపెనీలు దీన్ని మరిచిపోతుంటాయి.

ఇవన్నీ చూస్తే మూలపేట రేవుకు వచ్చే ఆఫీసులకు చోటు మూడు వరుసల్లో తేలుతుంది. ఓడ పక్కనే ఉండాల్సినవాళ్లు రేవు గోడ లోపల లైసెన్సు గదుల్లో ఉంటారు. కస్టమ్స్ పనివాళ్లకు, రవాణాదారులకు నౌపడ-టెక్కలి మధ్య ప్రాంతం అనువు, జాతీయ రహదారి, రైలు జంక్షన్ రెండూ అక్కడే దగ్గర. బ్యాంకు, లాయరు, ఆడిటరు, జీడి వర్తకుడి కొలువు పలాస-కాశీబుగ్గలోనే ఉంటే పని చెడదు. భావనపాడు చేపల హార్బరులో పడవ కట్టేసే చోటు, వల ఆరవేసే ఇసుక, చేపల వేలం జరిగే జెట్టీ మత్స్యకారులకే వదలాలి. ఆ ఒడ్డు మీద నీళ్లతో తప్పనిసరి పని ఉన్నది వాళ్లకే.